ఒక నరమేధానికి కృతజ్ఞతా కూడిక

దీన్ని అసహ్యం అనను. అసహ్యంలో కొంచెం భయం కలిసి ఉంటుంది, నాకు భయం లేదు. ఇది చులకన. చులకన చల్లగా ఉంటుంది, ఒళ్ళో పెట్టుకున్న ఈ కేకు డబ్బా అడుగులాగా. పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో బేకరీ ఆయన మూత తీసి చూపించినప్పుడు నేను నవ్వలేదు, కోప్పడలేదు.

"ఠీక్ హై నా దీదీ? స్పెల్లింగ్ చెక్ కర్ లో," అన్నాడు.

చెక్ చేశాను. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. తెల్ల క్రీము మీద గులాబీ రంగు ఇంగ్లీషు అక్షరాలు. కంగ్రాచ్యులేషన్స్ జూడీ. దాని కింద నా పేపరు పేరు, జెనోసైడ్ ఇన్ ది అండమాన్స్. చివర ప్రశ్నార్థకం కూడా వదల్లేదు, దాని చుక్క దగ్గర ఒక చెర్రీ పెట్టాడు.

తప్పు ఆయనది కాదు. అమ్మ నా ప్రైజు సర్టిఫికెట్ ఫోటో తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపి, దీనిమీద ఉన్నది రాయండి అంది. ఆయన రాశాడు. సర్టిఫికెట్ మీద ఉన్న మాట మంచి మాటే అయి ఉంటుంది కదా. ఒక జాతి మొత్తాన్ని లేకుండా చేయడం అని ఎవరో ఆయనకి అర్థం చెప్పినా అలాగే రాసి ఉండేవాడని నాకు అనుమానం. ఆర్డరు ఆర్డరే.

ఫెరార్గంజ్ బస్సులో కిటికీ సీటు దొరికింది. డబ్బా వంగకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ, "బర్త్‌డే?" అని అడిగింది. అవునన్నాను. అంతకన్నా దగ్గరి జవాబు నా దగ్గర లేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుడు ఏ మేలు చేసినా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాలి. ఉద్యోగం వచ్చినా, గర్భసంచిలో గడ్డ తీయించుకుని బతికి బయటపడినా, కొత్త ఆటో కొన్నా. పాస్టరుగారు వస్తారు, పాటలు పాడతారు, మేలు పొందిన మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి, అంటే ఆ మేలు ఎలా జరిగిందో అందరి ముందూ వివరించాలి. ప్రతి వాక్యానికీ మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. తరవాత బిర్యానీ. పోయిన నెల ఎవరింట్లోనో ఇన్వర్టరుకి జరిగింది. ఇవాళ, శనివారం, తుష్నాబాద్‌లో మా ఇంట్లో నా పేపరుకి. కాలేజీ సెమినార్‌లో దానికి ఫస్ట్ ప్రైజు వచ్చింది. గ్రేట్ అండమానీలు అనే ఆదివాసులు ఎలా అంతరించారన్నది దాని విషయం. అంతరించినందుకు కృతజ్ఞత అని అమ్మ అనుకోలేదు, ప్రైజుకి అనుకుంది. కానీ ప్రైజు దేనికి వచ్చిందో ఆలోచిస్తే ఆ రెండూ విడదీయడం నాకు చేతకావడం లేదు. వాళ్ళలో సగం మంది బతికి ఉంటే నా పేపరు సెకండ్ ప్రైజు పేపరు.

ఈ మాట నేను సరదాకి అనడం లేదు. రాస్తున్నప్పుడు నా మనసు ఏం చేసిందో నేను గమనించాను. గమనించడం నా రోగం. లైబ్రరీలో ఒక పాత రిపోర్టు మీద రాసిన వ్యాసం చదువుతున్నాను. తెల్లవాళ్ళు వాళ్ళని అడవిలోంచి తెచ్చి 'అండమాన్ హోమ్' అనే దాంట్లో ఉంచారు, తిండి పెట్టారు, పొగాకు ఇచ్చారు, సిఫిలిస్ ఇచ్చారు, తట్టు ఇచ్చారు. ఆ హోమ్‌లో పుట్టిన పిల్లల్లో రెండేళ్ళు దాటి బతికినవాళ్ళు లేరు అని ఒక వాక్యం వచ్చింది. నా గుండె ఒక్కసారి ఎగిసింది. దుఃఖంతో కాదు. దొరికింది అని. పేజీ ఫోటో తీసుకున్నాను. బయటికొచ్చి టీ తాగాను, సమోసా కూడా తిన్నాను. ఆ రోజంతా ఒంట్లో ఒక తేలిక. ఎవరైనా పుస్తకంలో అదే వాక్యం ముందే వాడుకుని ఉంటారేమోనని రాత్రి కొంచెం బెంగ పడ్డాను కూడా. వాడుకున్నారు, చాలామందే. అప్పుడు నిజంగా బాధ పడ్డాను.

మనసు బాధని భరించలేనప్పుడు దాన్ని ఆస్తిగా మార్చుకుంటుంది. నా పిల్లలు, నా హోమ్, నా తట్టు. ఇలాంటి వాక్యం ఒకటి ఇప్పుడే తయారు చేసుకుని నాలో నేను మెచ్చుకున్నాను. చూశారా.

ఫోను మోగింది. మా కాలేజీ గోపినాథ్ సర్ మెసేజ్. "అమ్మా జూడీ, బయలుదేరుతున్నాను. అన్నట్టు ఆ ఫైలు."

ఆ ఫైలు. సెమినార్ పేపర్లన్నీ కాలేజీ పుస్తకంగా వేస్తోంది. ప్రెస్‌కి రేపు పొద్దున్న ఇవ్వాలి. నా పేపరులో చివరి పేజీ ఉండకూడదని సర్ కోరిక. ఆ పేజీ లేకపోతే పుస్తకంలో మొదటి పేపరు నాదే, ఆ పుస్తకం పట్టుకుని మెయిన్‌ల్యాండ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి నా పేరు సిఫార్సు చేస్తారు. ఉంటే, "చూద్దాం అమ్మా" అంటారు. ఆయన చూద్దాం అన్న పనేదీ ఈ దీవుల్లో జరిగినట్టు నేను వినలేదు.

ఆ పేజీలో తెల్లవాళ్ళు లేరు. వందేళ్ళ కిందట చచ్చిన తెల్లవాళ్ళని ఎంత తిట్టినా ఎవరికీ అభ్యంతరం లేదు, సెమినార్‌లో చప్పట్లు కూడా కొట్టారు. చివరి పేజీలో మేమున్నాం. ఖాళీ అయిన అడవిలోకి తరవాత వచ్చినవాళ్ళం, శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చి చెట్లు కొట్టి ఇల్లు కట్టుకున్న మా తాత, ఇప్పటికీ మిగిలిన జారవా తెగవాళ్ళ అడవిలోంచి పోయే ట్రంక్ రోడ్డు, ఆ రోడ్డు మీద టూరిస్టులని బారాటాంగ్ దీవికి తీసుకెళ్ళే మా నాన్న.

"నేను తీసేయమని చెప్పడం లేదమ్మా," అన్నారు సర్, తన గదిలో. "నేను చెబితే అది సెన్సార్ అవుతుంది. నువ్వే ఆలోచించి, నీకే అనవసరం అనిపించి, నువ్వే తీసి పంపాలి. రీసెర్చర్ మెచ్యూరిటీ అంటే అదే." తన చేతికి ఏదీ అంటకూడదు ఆయనకి. పేరులో ప్రశ్నార్థకం కూడా అలాగే పెట్టించారు. "జెనోసైడ్ అని తేల్చేస్తే బ్యాలెన్స్ పోతుందేమో, నీకేమనిపిస్తోంది?" అని మూడుసార్లు అడిగితే, మూడోసారి నాకు అదే అనిపించింది. ఆ నేర్పు మీద గౌరవం లాంటిది ఉంది నాకు. ఇంట్లో పిల్లల్ని కూడా ఇలాగే పెంచుతాడేమో.

తుష్నాబాద్‌లో దిగి ఇంటికి నడిచేసరికి వాకిట్లో అద్దె కుర్చీలు వేసి ఉన్నాయి. పోక చెట్లకి కట్టిన టార్పాలిన్ కింద బిర్యానీ డేగిసా పొగలు కక్కుతోంది. అమ్మ తలమీద కొంగు అప్పుడే వేసేసుకుంది, పాస్టరుగారు ఇంకా రాకుండానే.

"కేకు వంగలేదు కదా?" అంది ముందు. తరవాత మూత తీసి చూసింది. "బాగా రాసినాడే. చెర్రీ పెట్టినాడు చూడు."

"అమ్మా, జెనోసైడ్ అంటే ఏమిటో నీకు చెప్పాను కదా."

"చెప్పినావు. ఒక జాతి లేకుండా పోడం. పాపం." ఒక క్షణం ఆగి నిజంగానే జాలిపడింది, ఆమె మొహం చూస్తే తెలుస్తుంది. తరవాత, "ప్లేట్లు తక్కువొచ్చీలా ఉన్నాయి, పక్కింటి రాజకుమారిని అడిగి పట్టుకురా," అంది.

అమ్మ పేరు ఎలీసబెతు. నా చులకన ఆమె దగ్గరికొచ్చేసరికి మెత్తబడుతుందని చెప్పుకోవాలని ఉంది. మెత్తబడదు. ఆమె జాలికీ ప్లేట్లకీ మధ్య ఉన్న ఆ ఒక్క క్షణం నేను రాసిన నలభై పేజీలకన్నా నిజాయితీగా ఉందేమోనని మాత్రం అనుమానం వచ్చి, ఆ అనుమానాన్ని కూడా చులకనగా చూసి, ప్లేట్ల కోసం వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గోపినాథ్ సర్ వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆపిల్ పళ్ళ కవరు. నాన్న ఆయన్ని వరండాలో మంచి కుర్చీలో కూర్చోబెట్టి తన కథలు విప్పాడు. నాన్న పేరు దేవప్రసాద్. మా వీధిలో టూరిస్టు బండి నడిపేవాళ్ళలో పాతవాడు. చుట్టూ నలుగురు మగవాళ్ళు చేరారు.

"జారవాల అడివి మొదట్లో జిర్కాటాంగ్ గేటు కాడ కాన్వాయ్ కోసం ఆపుతామా సర్, ఇంక అక్కడినుంచి మొదలు. భయ్యా, దిఖేగా క్యా? ఆళ్ళు కనపడతారా అని. ప్రతి బండిలోనూ ఇదే. పెద్ద పెద్ద ఆఫీసర్లు, డాక్టర్లు సర్. సున్నపురాళ్ళ గుహ చూడ్డానికి వచ్చినారు కదా, గుహ గురించి ఒక్కడడగడు. దిఖేగా క్యా?"

"మీరేమంటారు?" సర్ నవ్వుతూ అడిగారు.

"ఏటంటాను. కిస్మత్ హో తో దిఖేగా, రాసుంటే కనపడతారని. అంతే. బండి ఆపకూడదు, ఫోటో తియ్యకూడదు, నేను ఆపను. రూలు రూలే. కానీ కిస్మత్ అన్నాననుకో, ఆళ్ళు దారంతా కిటికీకి అతుక్కుపోయి పడుంటారు. ఏసీ అడగరు, పాటలు అడగరు. పిల్లలు కూడా ఏడవరు సర్."

అందరూ నవ్వారు. సర్ కూడా నవ్వారు. ఆ మాట నా చివరి పేజీలో ఉంది, అక్షరం మారకుండా. సర్ దాన్ని చదివారు. చదివినట్టు కళ్ళలో ఒక్క చిన్న మెరుపు కూడా లేకుండా నవ్వారు. నాన్న నా వైపు చూసి, "మా పాపకి ఇదంతా తెలుసు. అడివోళ్ళ మీదే కదా రాసింది," అన్నాడు గర్వంగా.

తన మీద కూడా రాశానని నాన్నకి తెలియదు. ఇంగ్లీషు చదవడు. చెప్పలేదు నేను. చెబితే బాధపడతాడని కాదు, సంతోషిస్తాడని భయం.

శామ్సన్ పాస్టరుగారు స్కూటరు మీద వచ్చారు, వెనక ఆయన భార్య కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని. ఆడవాళ్ళు చాపల మీద, మగవాళ్ళు కుర్చీల్లో సర్దుకున్నారు. నాన్నమ్మని గోడవారగా తలగడ వేసి కూర్చోబెట్టారు. బాప్తిస్మంలో ఏదో పేరు పెట్టారు గాని అందరూ ఇప్పటికీ గురమ్మ అనే అంటారు, ఆమె కూడా దానికే పలుకుతుంది. టీపాయి మీద ప్రైజు షీల్డు, సర్టిఫికెట్, పక్కన కేకు. పాటలకి ముందే కేకు కోయించేశారు, ఎండకి క్రీము కారిపోతోందని. అమ్మ నా చేత మొదటి ముక్క కోయించి ముఖ్య అతిథికి పెట్టమంది. నేను చివరినుంచి కోశాను. ప్రశ్నార్థకం చెర్రీతో సహా గోపినాథ్ సర్ నోట్లోకి పోయింది. మిగతా మాట పిల్లలు పంచుకున్నారు.

పాటలయ్యాయి. పాస్టరుగారు కొంతసేపు చదువు గురించి, కష్టపడే బిడ్డల గురించి చెప్పారు. "ఇప్పుడు మన సహోదరి జూడీ సాక్ష్యం చెబుతుంది," అన్నారు.

నేను ఏం చెప్పాలో అమ్మ నిన్ననే నేర్పింది. సెమినార్ ముందు జ్వరం వచ్చింది, ప్రార్థించాను, తగ్గింది, రాశాను, ప్రైజు వచ్చింది. నాలుగు వాక్యాలు. లేచి నిలబడ్డాను. నున్నగా నూనె రాసిన తలలు, కొంగులు కప్పిన తలలు, క్రీము అంటిన పెదవులు. స్తోత్రం అనడానికి అందరి గొంతులూ సిద్ధంగా ఉన్నాయి, ఊపిరి పీల్చి పట్టుకున్నట్టు. అప్పుడు నాకు ఒక దుర్మార్గమైన కుతూహలం పుట్టింది. వీళ్ళకి చివరి పేజీ వినిపిస్తే ఏమంటారు. ధైర్యం అనుకోవద్దు. కప్ప మీద ఉప్పు వేసి చూసే పిల్లల కుతూహలం అది.

"నేను రాసింది అడవివాళ్ళ గురించి," అన్నాను. "ఇప్పుడు మనకి రోడ్డు మీద కనిపించేవాళ్ళు కాదు. అంతకుముందు పోర్ట్ బ్లెయిర్ చుట్టూ ఉండేవాళ్ళు."

"స్తోత్రం."

"తెల్లవాళ్ళు వచ్చారు. అడ్డం వచ్చినవాళ్ళని కాల్చారు."

"స్తోత్రం."

"మిగిలినవాళ్ళని తెచ్చి ఒక హోమ్‌లో పెట్టారు. అక్కడ రోగాలొచ్చి గుంపులు గుంపులుగా చచ్చిపోయారు. అక్కడ పుట్టిన పిల్లలు బతకలేదు."

"ప్రభువా," అంది ఎవరో ఆవిడ నిట్టూర్చి. మిగతావాళ్ళు స్తోత్రం అన్నారు.

నవ్వు వచ్చింది నాకు, లోపల. అనుకున్నట్టే. చెవులు లేవు వీళ్ళకి, గొంతులే ఉన్నాయి. ఏం చెప్పినా స్తోత్రమే. నా చులకనకి ఇంత చక్కని రుజువు ఏ లైబ్రరీలోనూ దొరకదు. కుర్చీలో గోపినాథ్ సర్ తల కిందికి దించుకుని వేలి గోరు చూసుకుంటున్నారు. నా గొంతు తేలికైంది.

"ఆ అడవి అలా ఖాళీ అయింది. ఖాళీ అయిన చోటికి తరవాత మనం వచ్చాం. మనం ఇప్పుడు కూర్చున్న ఈ చోటు కూడా ఆ అడవే."

"స్తోత్రం," అన్నారు. ఈసారి గట్టిగా అన్నారు. రెండుసార్లు అన్నారు. చాపల మీద ఆడవాళ్ళు చేతులు పైకెత్తారు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. పాస్టరుగారు "హల్లెలూయ" అని లేచి నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన అందుకున్నారు. "ఓడ దిగినప్పుడు చేతిలో ఏమీ లేని మా పెద్దలకి ఈ అరణ్యంలో చోటు సిద్ధపరచిన దేవా, అడ్డులన్నీ తొలగించిన దేవా, ఆ సంగతి ఈ బిడ్డ చేత మళ్ళీ గుర్తు చేయించావు తండ్రీ."

ఆయన అరచెయ్యి నా నడినెత్తిన బరువుగా, వెచ్చగా ఉంది. దాని కింద నేను కళ్ళు తెరిచే నిలబడ్డాను. అడ్డులన్నీ.

అంటే వీళ్ళు విన్నారు. ప్రతి మాటా విన్నారు.

ప్రార్థన అయ్యాక అందరూ టార్పాలిన్ కిందకి బిర్యానీకి లేచారు. నాన్నమ్మకి ప్లేటు నేనే తీసుకెళ్ళాను. మెత్తటి ముక్కలు ఏరి, పెరుగు చట్నీ కలిపి పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"బాగా సెప్పినావు గుంటా."

"ఏం చెప్పాను నాన్నమ్మా?"

"అదే, ఆళ్ళ గురించి. మేమొచ్చినప్పుడు కూడా ఉండీవోళ్ళు, వేరేవోళ్ళు, ఈ జారవాలే. అరటిగెలలు కోసుకుపోడానికి వొచ్చీవోళ్ళు. మీ తాత రాత్రంతా డబ్బా వాయించీవోడు. తుపాకీవోళ్ళు కూడా ఉండీవోరు, గవుర్మెంటోళ్ళు. తరవాత రాడం మానీసినారు."

"ఎందుకు మానేశారు?"

"ఏమో. లోపలికెల్లిపోనారు." ముద్ద నమిలింది. "ఆళ్ళు ఎల్లకపోతే మనకి ఇల్లెక్కడిది? దేవుడికి స్తోత్రం సెప్పుకోవాల. నువ్వు సెప్పినావు. మీ అమ్మ నీకు జొరం తగ్గిందని సెప్పమంది, నాకు తెలుసు. జొరం అందరికీ తగ్గుద్ది."

ఆమె మొహంలో ఎక్కడా తడబాటు లేదు. సిగ్గు లేదు, క్రూరత్వం కూడా లేదు. లెమ్మంటే లేచి, కూర్చోమంటే కూర్చునే వయసు. చాలా ప్రశాంతంగా తింటోంది. నా దగ్గర ఉన్న చులకనంతా పోగేసి ఆమె మీద పెడదామని చూశాను. నిలబడలేదు. వినని మనిషిని చులకన చేయవచ్చు. తెలియక స్తోత్రం అన్నవాళ్ళ మీద నేను ఎంత ఎత్తు నుంచైనా చూడగలను. తెలిసి, ఉన్న సంగతి ఉన్నట్టు తెలిసి, దానికి కృతజ్ఞత చెప్పుకునే మనిషిని ఏ ఎత్తు నుంచి చూడాలో నా నలభై పేజీల్లో ఎక్కడా లేదు. ఈ కూడికలో పొరపాటేమీ జరగలేదన్నమాట. కేకు మీద సరైన మాటే రాశారు.

పెరట్లోకి వెళ్ళాను. సిగ్నల్ నీళ్ళ ట్యాంకు దగ్గరే వస్తుంది. గోపినాథ్ సర్ ప్లేటు పట్టుకుని వెనకే వచ్చారు. మూలుగ ఎముక పీలుస్తూ కాసేపు పోక చెట్లకేసి చూశారు.

"బాగా మాట్లాడావు అమ్మా. సాహసం. చూడు, పుస్తకంలో చెప్పాల్సింది ఇక్కడ చెప్పేశావు. నీ మనసులో భారం దిగింది కదా? ఇప్పుడు ప్రింటులో అది ఉండాలా అని నువ్వే ఆలోచించు."

"ఆలోచిస్తున్నాను సర్."

"మీ నాన్నగారు ఎంత మంచి మనిషి. ఆయన బండి పర్మిట్ మీద ఎవరైనా ఒక మాట అంటే? నేను అనను. అనేవాళ్ళు ఉంటారు. అదొక్కటే నా బెంగ."

"సర్, మీరే ఆ పేజీ తీసేసి ఇచ్చేయండి ప్రెస్‌కి. నేనేమీ అనను."

ఆయన ఎముక ప్లేటులో పెట్టారు. నొచ్చుకున్నారు, నిజంగానే. "ఛ ఛ. నీ పేపరు అది. నేనెలా ముట్టుకుంటాను?"

"ముట్టుకోరు కదా."

"ఎప్పటికీ ముట్టుకోను. నువ్వు ఎలా పంపితే అలాగే పోతుంది, లేదా అసలు పోదు. నీ పేపరులో అక్షరం నేను మార్చానని రేపు ఎవరూ అనకూడదు." చెయ్యి కడుక్కోవడానికి కొళాయి ఎక్కడని అడిగి వెళ్ళిపోయారు.

ఫైలు తెరిచాను. చివరి పేజీ. మధ్యాహ్నపు ఎండ ఫోను మీద పడుతుంటే అరచెయ్యి అడ్డం పెట్టి చదివాను. మొదటి పేరాలు ఎండిపోయినట్టున్నాయి, రోడ్డు ఎప్పుడు పడింది, గేటు ఎక్కడుంది, నాన్న ఏమంటాడు. తరవాత ఆఖరి పేరా వచ్చింది. మా చేతులకంటిన నెత్తురు. సముద్రం కడగలేని మరక. ఓ మాయమైన మనుషులారా, మమ్మల్ని క్షమించండి.

ఈ పేరా మీద నేను వారం రోజులు కూర్చున్నాను. హాస్టల్ గదిలో తలుపేసుకుని పైకి చదువుకున్నాను, లయ కుదిరిందో లేదో చూడ్డానికి. కుదిరిన రోజు ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి అద్దంలో ఆ ఏడుపు చూసుకున్నాను. నాకు సర్ మీద ఉన్న చులకనలో ఎక్కువ భాగం ఎక్కడ నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన తన చెయ్యి శుభ్రంగా ఉంచుకోవాలనుకున్నాడు. నేను నాది నెత్తురుతో అందంగా ఉండాలనుకున్నాను. ఫోటో దిగడానికి. సర్ ఈ పేరాని బట్టే పేజీ అంతా తీయించేయవచ్చునని ధైర్యం చేసి ఉంటాడు. ఎవరు చదివినా ఇది కవిత్వం అనుకుంటారు, కవిత్వం ఉన్నా లేకపోయినా ఒకటే.

నాన్నమ్మ క్షమించమని అడగలేదు. అలా అడగడానికి వాళ్ళు వినాలి, వినడానికి వాళ్ళు ఉండాలి. ఉండి ఉంటే అడగాల్సిన పని లేదు.

వేలితో ఆ పేరాని పట్టుకుని నల్లగా చేశాను, నెత్తురూ సముద్రమూ అన్నీ. తీసేశాను. పేజీ చివర తెల్లగా ఖాళీ మిగిలింది. అక్కడ నాన్నమ్మ మాట తెలుగులోనే రాద్దామని చూశాను. నాకు తెలుగు టైపు కొట్టడం రాదు, ఒత్తులు దొరకవు. ఇంగ్లీషులో రాశాను. వాళ్ళు వెళ్ళకపోతే మనకి ఇల్లెక్కడిది, దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి. చెప్పినవారు గురమ్మ, తుష్నాబాద్, మా నాన్నమ్మ. దానికి నా వైపు నుంచి వ్యాఖ్య ఒకటి తోచింది, చాలా తెలివైనది. రాయలేదు. ఇది చదివితే నాన్నకి బాధ కలుగుతుందా, పర్మిట్‌కి నిజంగా ఏమైనా అవుతుందా, మెయిన్‌ల్యాండ్‌లో ఆ యూనివర్సిటీ మెట్లు ఎలా ఉంటాయి, ఇవన్నీ ఒక దాని మీద ఒకటి వచ్చాయి. ఏ ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఈ పేజీ వల్ల ఒక్క జారవా పిల్లకైనా ఒరిగేది ఉందా అంటే దానికి మాత్రం ఉంది జవాబు. లేదు.

వాకిట్లోంచి నాన్న గొంతు వినిపిస్తోంది, ఎవరికో మళ్ళీ అదే కథ చెబుతున్నాడు. నవ్వులు. సర్ కొళాయి కట్టేసి రుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటున్నారు.

"జూడీ, పంపావా అమ్మా?"

"పంపుతున్నాను సర్."

"ఆలోచించే కదా?"

ఆయన పేరు వెతికాను. ఫైలు జోడించాను, పేజీలన్నిటితో. సిగ్నల్ ఒక గీత మీద ఊగుతోంది. ట్యాంకుకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, బొటనవేలితో నొక్కాను.